ఫోల్డరు ఉంది, డిస్కు లేదు: రాత్రి బ్యాకప్ ఎక్కడికి పోతోంది?

ప్రశ్న:

నమస్తే సార్. మాది సూళ్లూరుపేట. రోజూ లోకల్ రైల్లో చెన్నై వచ్చి, జార్జిటౌన్‌లో ఒక అకౌంట్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను. చిన్న కంపెనీలకు, షాపులకు లెక్కలు రాసి జీఎస్‌టీ రిటర్నులు వేస్తాం. ఒక ఉబుంటు సర్వరు, ట్యాలీ ఉన్న రెండు విండోస్ పీసీలు ఉన్నాయి. రాత్రి 10 గంటలకు బాకులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వీటన్నిటినీ 2 టీబీ యూఎస్‌బీ డిస్కులోకి బ్యాకప్ తీస్తుంది. ఇదంతా పెట్టిన అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. "నీకు కంప్యూటరు తెలుసు కదమ్మా" అని మా ఓనరు గారు నాకు అప్పజెప్పారు.

ఒకరోజు కరెంటు పోయి వచ్చాక, డివైస్ తెరవలేకపోయాను, అలాంటి డైరెక్టరీ లేదు అని ఎర్రర్ వచ్చింది. మీడియా ఫోల్డరు కింద ఆ అబ్బాయి యూజర్ పేరు, దాని కింద డిస్కు పేరు అని పాత్ ఉంది. ఆ పేరుతో నేనే ఫోల్డరు సృష్టించి, మొత్తానికి 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు) ఇచ్చాను. ఆ రాత్రి బ్యాకప్ ఓకే అయింది. రెండు వారాలకు సర్వరులోని 256 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోయింది. యూఎస్‌బీ డిస్కులో మాత్రం చాలా ఖాళీ ఉంది!

ఈలోగా బ్రాడ్‌బ్యాండ్ మార్చారు, కొత్త రౌటరు వచ్చింది. అప్పటి నుంచి రెండు పీసీలూ స్టోరేజ్ డీమన్‌కు కనెక్ట్ కావడం లేదు. అడ్రసు తీసేసి లోకల్‌హోస్ట్ అని పెట్టాను. సర్వరు బ్యాకప్ అయింది, పీసీలవి కాలేదు. ఇప్పుడు సర్వరుది కూడా, రాయడానికి వాల్యూమ్ ఏదీ దొరకలేదు అని ఆగిపోతోంది. మొత్తం 12 వాల్యూములు ఉన్నాయి, అంతకు మించి వద్దని కాన్ఫిగ్‌లో ఉంది. రిటెన్షన్ (బ్యాకప్ దాచే గడువు) 365 రోజుల నుంచి 30కి తగ్గించి రీస్టార్ట్ చేశాను, ఫలితం లేదు. మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని ఒక స్నేహితురాలు అంటోంది. చేయమంటారా? ఇంకొకటి, ట్యాలీ తెరిచి ఉండగా బ్యాకప్ తీయవచ్చా?

సమాధానం:

వద్దు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. మీ చేతిలో ఉన్న 12 వాల్యూముల్లో (బాకులా బ్యాకప్ రాసిపెట్టే పెద్ద ఫైళ్లు ఇవి) ఏ ఫైలు ఏ తేదీది, ఎందులో ఉంది అన్న చిట్టా అంతా క్యాటలాగ్ అనే డేటాబేస్‌లో ఉంటుంది. బాకులాను పూర్తిగా తుడిచేటప్పుడు ఆ డేటాబేస్ కూడా పోయే అవకాశం ఉంది. అది పోయినా వాల్యూములను చదవడానికి పరికరాలు ఉన్నాయి, బీస్కాన్, బీఎక్స్‌ట్రాక్ట్ అని. కానీ అవి గంటల తరబడి నడుస్తాయి, ఆ పని పగవాళ్లకు కూడా వద్దు. పైగా కొత్తగా ఇన్‌స్టాల్ చేసినా డిస్కు తగులుకునే తీరు మారదు, రౌటరు మారదు. ఇవే ఎర్రర్లు మళ్లీ వస్తాయి, ఈసారి పాత బ్యాకప్‌లు లేకుండా వస్తాయి.

మీకు వచ్చినవి మూడు వేర్వేరు తప్పులు. ఒకదాని మీద ఒకటి వచ్చి పడడంతో అన్నీ కలిసి ఒక చిక్కుముడిలా కనిపిస్తున్నాయి. వీటిని విడదీయాలంటే ప్రతి ఎర్రరుకూ ముందు ఒక ప్రశ్న వేయండి: ఈ మాట ఎవరు అంటున్నారు?

బాకులాలో ముగ్గురు పనివాళ్లు ఉన్నారు. డీమన్ అంటే తెర వెనుక నడుస్తూ ఉండే ప్రోగ్రాము. ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పేది డైరెక్టర్. బ్యాకప్ తీయాల్సిన ప్రతి యంత్రంలో కూర్చుని ఫైళ్లు చదివేది ఫైల్ డీమన్. వాటిని అందుకుని డిస్కులో రాసేది స్టోరేజ్ డీమన్. మామూలుగా వీటి పోర్టులు వరుసగా 9101, 9102, 9103. లాగ్‌లో ప్రతి వరుస మొదట్లో ఆ మాట అన్నవాడి పేరు ఉంటుంది. ఆ పేరు చివర డీఐఆర్ అని ఉంటే డైరెక్టర్, ఎఫ్‌డీ అని ఉంటే ఫైల్ డీమన్, ఎస్‌డీ అని ఉంటే స్టోరేజ్ డీమన్. చాలామంది 'ఫేటల్ ఎర్రర్' అన్న మాట దగ్గర ఆగిపోయి, దాని ముందున్న పేరును వదిలేస్తారు. ఆ పేరు చూడకుండా ఏ కాన్ఫిగ్ ఫైలు తెరవాలో తెలియదు. స్టోరేజ్ గురించి రెండు చోట్ల రాసి ఉంటుంది మరి: డైరెక్టర్ ఫైల్లో ఒకసారి, స్టోరేజ్ డీమన్ ఫైల్లో ఒకసారి.

మీ మొదటి ఎర్రర్ స్టోరేజ్ డీమన్ అన్నది. అది చెప్పింది అక్షరాలా నిజం కూడా. ఆ ఫోల్డరు అప్పుడు లేదు. ఎందుకు లేదో చూద్దాం. ఉబుంటు డెస్క్‌టాప్‌లో యూఎస్‌బీ డిస్కు దానంతట అది మౌంట్ అయ్యేది (అంటే ఒక ఫోల్డరుగా తెరుచుకునేది) ఎవరైనా లాగిన్ అయ్యాకనే. అయినప్పుడు మీడియా ఫోల్డరు కింద, ఆ యూజర్ పేరు కింద, డిస్కు పేరుతో ఒక చోటు ఏర్పడుతుంది. ఆ యూజరు ఫోల్డరులోకి మామూలుగా వేరేవాళ్లకు దారి ఉండదు. ఆ అబ్బాయి పర్మిషన్లు ఏవో సవరించి నెట్టుకొచ్చి ఉంటాడు. తను రోజూ లాగిన్ అయి ఉన్నంత కాలం ఇది నడిచింది. కరెంటు పోయి సర్వరు దానంతట అది లేచినప్పుడు లాగిన్ అయ్యేవాళ్లు లేరు. డిస్కు మౌంట్ కాలేదు. డీమన్‌కు ఫోల్డరు కనిపించలేదు.

అప్పుడు మీరు అదే పేరుతో ఫోల్డరు సృష్టించారు. ఆ ఫోల్డరు ఉన్నది ఎస్‌ఎస్‌డీలో. పేరు మాత్రమే డిస్కుది. స్టోరేజ్ డీమన్‌కు ఆ తేడా తెలియదు. పాత్ ఉందా, రాయనిస్తోందా, అంతవరకే దాని లెక్క. రెండు వారాల బ్యాకప్‌లు ఎస్‌ఎస్‌డీలోకి వెళ్లాయి, అది నిండింది. తర్వాత ఎవరో లాగిన్ అయినప్పుడు డిస్కు మౌంట్ కాబోయింది. కానీ ఆ పేరుతో మీ ఫోల్డరు అప్పటికే ఉంది కాబట్టి ఉబుంటు డిస్కు పేరు చివర 1 అంకె చేర్చి పక్కన మౌంట్ చేసి ఉంటుంది. ఇప్పుడే చూడండి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొడితే ఏ డిస్కు ఎక్కడ మౌంట్ అయిందో కనిపిస్తుంది. డీఎఫ్ కమాండ్‌కు మీ బ్యాకప్ ఫోల్డరు పాత్ ఇస్తే ఆ ఫోల్డరు నిజంగా ఏ డిస్కు మీద ఉందో చెబుతుంది. మీ దగ్గర అది ఎస్‌ఎస్‌డీ అనే చెబుతుందని నా నమ్మకం.

ఇందులోనే ఇంకో చిక్కు దాగి ఉంది. కరెంటు పోకముందు రాసిన వాల్యూములు యూఎస్‌బీ డిస్కులో ఉన్నాయి. ఆ తర్వాతవి ఎస్‌ఎస్‌డీలో ఉన్నాయి. క్యాటలాగ్ మాత్రం అన్నీ ఒకే చోట ఉన్నాయనుకుంటోంది. మీ ఫోల్డరు సృష్టించిన రాత్రి డీమన్ తను సగం రాసిన పాత వాల్యూమ్ కోసం వెతికి, కనిపించక, దానికి ఎర్రర్ అని ముద్ర వేసి, కొత్తది మొదలుపెట్టి ఉంటుంది. మీకు 12 వాల్యూములు అంత తొందరగా అయిపోవడానికి ఇది కూడా ఒక కారణం.

ఇక సరిచేసే పని. పగలు, తీరిక ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ముందు డైరెక్టర్‌నూ స్టోరేజ్ డీమన్‌నూ ఆపండి, రాత్రి 10 గంటల జాబ్ మధ్యలో వచ్చి పడకుండా. ఎస్‌ఎస్‌డీ నిండిపోయి ఉంటే క్యాటలాగ్ డేటాబేస్ కూడా ఊపిరాడక ఆగిపోయి ఉండవచ్చు. ఆప్ట్ క్లీన్ కొట్టి, సిస్టమ్ జర్నల్ పాత లాగ్‌లు తగ్గించి, కాస్త చోటు చేయండి. వాల్యూమ్ ఫైళ్లలో ఒక్కటి కూడా డిలీట్ చేయకండి, చిన్నదిగా ఉన్నా సరే.

తర్వాత డిస్కుకు శాశ్వతమైన చోటు ఇవ్వండి. రూట్ కింద 'బ్యాకప్‌డిస్క్' లాంటి పేరుతో ఖాళీ ఫోల్డరు చేసి, డిస్కు యూయూఐడీతో (దాని గుర్తింపు సంఖ్య) ఎఫ్‌స్టాబ్‌లో, అంటే ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైల్లో, ఒక వరుస రాయండి. యూయూఐడీ ఏమిటో బీఎల్‌కేఐడీ కమాండ్ చెబుతుంది. డిస్కు ఏ యూఎస్‌బీ రంధ్రంలో పెట్టినా అది మారదు. ఆ వరుసలో నోఫెయిల్ అన్న ఆప్షన్ తప్పక ఉండాలి. లేకపోతే డిస్కు ఊడిన రోజు సర్వరు బూట్ కాకుండా మధ్యలో నిలబడిపోతుంది.

ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది, చాలామంది వదిలేసేది. డిస్కు మౌంట్ చేయకముందే, ఆ ఖాళీ ఫోల్డరుకు ఛాటర్ కమాండ్‌తో మార్చకూడని గుర్తు పెట్టండి, ప్లస్ ఐ అని. అప్పుడు డిస్కు లేని రోజు ఆ ఫోల్డరులోకి రూట్ యూజరు కూడా ఏమీ రాయలేడు. డిస్కు మౌంట్ అయ్యాక కనిపించేది డిస్కు లోపలి భాగం కాబట్టి రాతకు అడ్డం ఉండదు. దీనితోపాటు, స్టోరేజ్ డీమన్ సర్వీసుకు సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఒక వరుస చేర్చండి: రిక్వయర్స్ మౌంట్స్ ఫర్, దాని ఎదురుగా ఆ పాత్ (అసలు ఫైల్లో ఆ మూడు మాటలూ ఖాళీ లేకుండా కలిపి రాయాలి). డిస్కు మౌంట్ కాకపోతే ఆ డీమనే లేవదు. పొద్దున్నే మీకు ఎర్రర్ కనిపిస్తుంది. అబద్ధపు ఓకే కంటే అది వెయ్యి రెట్లు నయం.

పర్మిషన్ల విషయానికి వస్తే, 777 తీసేయండి. ఆ ఆఫీసులో అది మీ క్లయింట్ల లెక్కలన్నీ తలుపు తీసి పెట్టినట్టే. ఉబుంటులో స్టోరేజ్ డీమన్ బాకులా అనే యూజరుగా నడుస్తుంది. ఫోల్డరు ఆ యూజరుది అయితే చాలు. డిస్కు ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో ఉంటే, యజమానిని మార్చే ఛోన్ కమాండ్‌తో సరిపోతుంది. కొన్నప్పుడు ఉన్నట్టే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనో ఎక్స్‌ఫ్యాట్‌లోనో వదిలేసి ఉంటే మామూలుగా ఛోన్ పట్టదు. అప్పుడు ఎఫ్‌స్టాబ్ వరుసలోనే బాకులా యూజర్ నంబరు, గ్రూప్ నంబరు ఇవ్వాలి. ఇప్పుడు ఫార్మాట్ చేద్దామనుకోకండి, అందులో మీ పాత వాల్యూములు ఉన్నాయి.

డిస్కు మౌంట్ అయ్యాక, ఎస్‌ఎస్‌డీలోని ఫోల్డరులో ఉన్న వాల్యూములను ఆర్‌సింక్‌తో కొత్త చోటికి కాపీ చేయండి. డిస్కులో ఉన్న పాతవి కూడా అదే ఫోల్డరులోకి రావాలి. పేర్లు మార్చకండి. వాల్యూమ్ పేరు ఫైలు లోపల లేబుల్‌లో కూడా ఉంటుంది, పైన మాత్రమే మారిస్తే డీమన్ ఒప్పుకోదు. రెండు చోట్లా సైజులు సరిపోల్చాక ఎస్‌ఎస్‌డీ కాపీని వెంటనే తీసేయకుండా, రీస్టోర్ పరీక్ష అయ్యేదాకా చోటు ఉన్నంతలో అట్టే ఉంచండి.

ఆ తర్వాత స్టోరేజ్ డీమన్ కాన్ఫిగ్‌లో ఆర్కైవ్ డివైస్ ఎదురుగా కొత్త పాత్ రాయండి. అక్కడ డివైస్‌కు ఉన్న పేరు, మీడియా టైప్ ముట్టుకోకండి. ఈ రెండూ డైరెక్టర్ ఫైల్లో స్టోరేజ్ భాగంలో ఉన్నవాటితో అచ్చంగా సరిపోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా పని జరగదు. సేవ్ చేశాక రెండు ప్రోగ్రాములనూ టీ ఆప్షన్‌తో నడిపి పరీక్షించండి. అయితే ఆ పరీక్ష ఆ ఫైల్లో రాత తప్పులు ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. ఫోల్డరు నిజంగా ఉందా, అవతలి ఫైలుతో పేర్లు కలిశాయా అన్నది చూడదు. అది తేలాలంటే రెండింటినీ లేపి, బాకులాకు ఆదేశాలిచ్చే బీకన్సోల్‌లో స్టేటస్ స్టోరేజ్ అని అడగాలి.

ఇక రెండో తప్పు, పీసీలది. దీనికి మీ ఉత్తరంలోనే ఆధారం ఉంది: సర్వరు బ్యాకప్ అయింది, పీసీలవి కాలేదు. అంటే స్టోరేజ్ డీమన్ బతికే ఉంది, డైరెక్టర్‌తో దాని పాస్‌వర్డ్ కూడా సరిపోయింది. పాస్‌వర్డ్‌ల జోలికి వెళ్లనక్కర్లేదు. పీసీల లాగ్‌లో ఆ ఎర్రర్ వరుస ముందున్న పేరు చూస్తే ఎఫ్‌డీ అనే ఉంటుంది.

బాకులాలో ఫైళ్లు డైరెక్టర్ గుండా వెళ్లవు. డైరెక్టర్ తన స్టోరేజ్ భాగంలో రాసి ఉన్న అడ్రసును ఉన్నదున్నట్టు పీసీలోని ఫైల్ డీమన్‌కు ఇచ్చి, అక్కడికి పంపు అంటుంది. ఆ పీసీయే నేరుగా 9103 పోర్టుకు కనెక్ట్ అవుతుంది. మీరు లోకల్‌హోస్ట్ అని రాశారు. పీసీకి లోకల్‌హోస్ట్ అంటే ఆ పీసీయే. శుభలేఖలో కల్యాణ మండపం చిరునామాకు బదులు 'మా ఇంట్లోనే' అని అచ్చువేస్తే చదివిన ప్రతివాళ్లూ తమ ఇంట్లోనే కూర్చున్నట్టు, మీ పీసీలు తమ తలుపు తామే కొట్టుకుంటున్నాయి. సర్వరుకు మాత్రం లోకల్‌హోస్ట్ అంటే నిజంగానే స్టోరేజ్ డీమన్ ఉన్న చోటు, అందుకే దానిది అయింది.

అక్కడ సర్వరు లోకల్ ఐపీ అడ్రసు రాయండి. కొత్త రౌటరు వచ్చాక ఆ అంకెలు మారి ఉంటాయి, అసలు గొడవ అక్కడే మొదలైంది. మళ్లీ మారకుండా రౌటరు సెట్టింగుల్లో సర్వరుకు ఆ ఐపీని రిజర్వ్ చేయించండి. రెండు పీసీలకూ అలాగే చేయించండి, డైరెక్టర్ ఫైల్లో క్లయింట్ల అడ్రసులు కూడా ఐపీలుగానే ఉంటే అవీ పాతబడిపోయి ఉంటాయి. తర్వాత స్టోరేజ్ డీమన్ ఏ అడ్రసు మీద వింటోందో సర్వరులో ఎస్‌ఎస్ కమాండ్‌తో చూడండి. ఉబుంటు ప్యాకేజీలో మొదట వచ్చే కాన్ఫిగ్‌లో ఎస్‌డీ అడ్రస్ 127.0.0.1 అని ఉంటుంది, అంటే సర్వరు లోపలివాళ్ల మాట మాత్రమే వింటుంది. మీరు లోకల్‌హోస్ట్ పెట్టేటప్పుడు దీన్ని కూడా అలా మార్చి ఉంటే ఆ వరుస తీసేయండి. ఫైర్‌వాల్ ఉంటే 9103ను ఆఫీసు నెట్‌వర్క్‌కు మాత్రమే తెరవండి. రౌటరులో పోర్టు ఫార్వార్డింగ్ మాత్రం పెట్టకండి, బయటి ప్రపంచానికి ఈ తలుపుతో పని లేదు. చివరిగా, పీసీలో పవర్‌షెల్ తెరిచి టెస్ట్ నెట్‌కనెక్షన్ కమాండ్‌కు సర్వరు ఐపీ, 9103 ఇచ్చి చూడండి. ట్రూ అని వస్తే దారి తెరుచుకున్నట్టే, మిగతాది బాకులా చూసుకుంటుంది.

మూడోది, వాల్యూమ్ దొరకలేదన్నది. రిటెన్షన్ 30కి తగ్గించి రీస్టార్ట్ చేసినా మారలేదని మీరు విసిగిపోయారు. ఇది బాకులా నేర్చుకునే ప్రతివాళ్లనూ ఏడిపించే చోటు. కాన్ఫిగ్‌లో పూల్ (వాల్యూముల గుంపు) కింద రాసిన రిటెన్షన్ ఇకముందు పుట్టే వాల్యూములకు అచ్చు లాంటిది, అంతే. ఇప్పటికే ఉన్నవి పుట్టినప్పటి 365 రోజులనే క్యాటలాగ్‌లో మోస్తున్నాయి. వాటిని మార్చాలంటే బీకన్సోల్‌లో అప్‌డేట్ కమాండ్, అందులో వాల్యూమ్ పారామీటర్లు, అందులో పూల్‌లోని అన్ని వాల్యూములు అన్నది ఎంచుకోవాలి. లిస్ట్ వాల్యూమ్స్ కొడితే ప్రతిదాని స్థితి కనిపిస్తుంది. ఫుల్, ఎర్రర్ అని ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి.

కానీ ఆ అప్‌డేట్ చేసేముందు ఆగండి. 30 రోజులు నాకు నచ్చలేదు. చోటు లేకనా మీరు తగ్గించింది? లేదు, డిస్కులో చాలా ఖాళీ ఉందని మీరే రాశారు. మీకు అడ్డుపడుతున్నది 12 అన్న గరిష్ఠ సంఖ్య. దాన్ని పెంచండి. ఎంతకు పెంచాలో డిస్కును బట్టి లెక్కేసుకోండి. బాకులాతో వచ్చే నమూనా కాన్ఫిగ్‌లో ఒక్కో వాల్యూమ్ 50 జీబీ, గరిష్ఠం 100 అని ఉంటుంది. అంటే 5,000 జీబీ. మీ 2 టీబీ డిస్కులో అది పట్టదు, గరిష్ఠం చేరేలోపే డిస్కు నిండుతుంది, పాత వాల్యూమును తిరిగి వాడుకునే అవకాశమే రాదు. వాల్యూమ్ 50 జీబీ అయితే 32 దగ్గర ఆపండి, 1,600 జీబీ అవుతుంది, కాస్త ఊపిరి మిగులుతుంది. రిటెన్షన్ గడువు తీరగానే ఫైలు చిన్నదవుతుందని కూడా అనుకోకండి. కొత్త చోటు అవసరమైనప్పుడే బాకులా దాన్ని తుడిచి మళ్లీ రాస్తుంది. అపెండ్ స్థితిలో (ఇంకా రాస్తూ) ఉన్న వాల్యూమ్ అయితే గడువు లెక్కలోకే రాదు, అది నిండాలి, లేదా వాడుక కాలం ముగియాలి.

మీ పని లెక్కల పుస్తకాలతో కాబట్టి ఇంకో మాట. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 128 ప్రకారం కంపెనీలు తమ లెక్కల పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు దాచాలి. ఎలక్ట్రానిక్ పుస్తకాల బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వరులో రోజూ తీయాలని 2022 ఆగస్టులో నియమాలు సవరించారు. అంతకుముందు నిర్ణీత కాలానికి ఒకసారి అని ఉండేది. జీఎస్‌టీ రికార్డులకు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. ఈ బాధ్యత మీ క్లయింట్లదే, నిజమే. కానీ పుస్తకాలు మీ పీసీల్లో ఉంటే వాళ్లు ఫోన్ చేసేది మీకే. అందుకని రెండు పూల్‌లు పెట్టండి. రోజువారీవి ఒకదాంట్లో, రెండు మూడు నెలల రిటెన్షన్‌తో. నెలకొకసారి, ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిశాక ఒకసారి తీసే ఫుల్ బ్యాకప్‌లు ఇంకోదాంట్లో, సంవత్సరాల రిటెన్షన్‌తో. క్లయింట్ భాగంలో ఉండే ఫైల్ రిటెన్షన్ కూడా చూడండి. ఏమీ రాయకపోతే అది 60 రోజులు, జాబ్ రిటెన్షన్ 180 రోజులు. వాల్యూమ్ భద్రంగా ఉన్నా 60 రోజులు దాటాక అందులోని ఫైళ్ల పేర్లు క్యాటలాగ్ నుంచి తీసేస్తుంది. అప్పుడు ఒక్క క్లయింట్ ఫోల్డరు కావాలన్నా ఎంచుకోవడం కుదరదు, జాబ్ మొత్తం వెనక్కి తేవాలి. దీన్ని కూడా పెంచండి, డేటాబేస్ కొంచెం పెరుగుతుంది, పరవాలేదు.

ఇవన్నీ ఒకే సాయంత్రం చేయకండి. డిస్కు సంగతి తేల్చి, సర్వరు జాబ్ ఒకటి చేత్తో నడిపి, కొత్త పాత్‌లో ఫైలు సైజు పెరుగుతోందని కళ్లారా చూశాకే పీసీల అడ్రసుకు వెళ్లండి. అది అయ్యాకే పూల్ మార్పులు. ప్రతి కాన్ఫిగ్ ఫైలునూ మార్చేముందు తేదీ పెట్టి ఒక కాపీ పక్కన ఉంచండి. డైరెక్టర్‌లో మార్పులకు బీకన్సోల్‌లో రీలోడ్ సరిపోతుంది. స్టోరేజ్ డీమన్‌ను మాత్రం రీస్టార్ట్ చేయండి.

తర్వాత రీస్టోర్ పరీక్ష. ఒక క్లయింట్ ట్యాలీ ఫోల్డరును ఎంచుకుని, అసలు చోట కాకుండా వేరే ఫోల్డరులోకి తెప్పించి, ట్యాలీలో తెరిచి, చివరి వోచరు తేదీ చూడండి. ఒకటి కొత్త వాల్యూముల నుంచి, ఒకటి కరెంటు పోకముందు నాటి వాల్యూముల నుంచి. రెండోది ముఖ్యం, మీరు రెండు గుట్టలను కలిపింది సరిగ్గా కలిసిందో లేదో అదే చెబుతుంది. ఎర్రర్ అని ముద్రపడిన వాల్యూమ్ నుంచి కూడా మామూలుగా రీస్టోర్ వస్తుంది. కొత్తగా రాయడానికి మాత్రమే బాకులా దాన్ని పక్కన పెడుతుంది.

ఓనరు గారిని ఇంకో డిస్కు కొనిపెట్టమనండి. కొత్తది గనుక నిక్షేపంగా ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసుకోండి. వారానికి ఒకసారి దానిలోకి బ్యాకప్ తీసి ఆఫీసు బయట, వేరే ఇంట్లో పెట్టాలి. 2015 డిసెంబరు వానలూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానూ చూసిన ఊరికి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఆ డిస్కుకు కాన్ఫిగ్‌లో వేరే డివైస్ పేరే కాదు, వేరే మీడియా టైప్ కూడా ఇవ్వండి. రీస్టోర్ చేసేటప్పుడు ఏ డివైస్ తెరవాలో బాకులా మీడియా టైప్ చూసే నిర్ణయిస్తుంది. రెండిటికీ ఒకటే ఉంటే ఈ డిస్కులోని వాల్యూమును ఆ డిస్కులో వెతుకుతుంది, మీకు మళ్లీ నాకు ఉత్తరం రాయాల్సిన పని పడుతుంది.

మెసేజెస్ భాగంలో మీ ఈమెయిల్ పెట్టుకోండి. సర్వరు నుంచి మెయిల్ వెళ్లేలా మాత్రం ఒకసారి సెట్ చేయాలి. గుమ్మిడిపూండి దాటేలోపే రాత్రి సంగతి ఫోన్లో తెలిసిపోతుంది. ఓకే అన్న మాట ఒక్కటే చూసి పెట్టేయకండి, కింద ఎన్ని ఫైళ్లు, ఎన్ని బైట్లు రాసిందో కూడా చూడండి.

ట్యాలీ సంగతి. విండోస్ ఫైల్ డీమన్ వీఎస్‌ఎస్ అనే సదుపాయాన్ని మామూలుగానే వాడుతుంది, తెరిచి ఉన్న ఫైళ్లను కూడా ఒక క్షణంలో ఫొటో తీసినట్టు పట్టుకుని కాపీ చేస్తుంది. అయినా ఆ క్షణంలో ఎవరైనా వోచరు సేవ్ చేస్తుంటే సగం రాత పడొచ్చు. ఇంటికెళ్లేటప్పుడు ట్యాలీ మూసి, పీసీ మాత్రం ఆన్‌లో వదిలి వెళ్లమని అందరికీ చెప్పండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ను నెవర్ అని పెట్టండి. నిద్రపోయిన పీసీకి రాత్రి 10 గంటలకు డైరెక్టర్ ఎంత పిలిచినా వినపడదు.